నేలలోని, రాళ్ళలోని సహజ రేడియోధార్మికత: ముందు ఏది కొలవాలి, ఏ అంకెను ఎలా చదవాలి

ఏ ప్రాంతపు మట్టిలోనైనా, ఏ కొండ రాతిలోనైనా యురేనియం, థోరియం, పొటాషియం-40 అనే మూడు రేడియోధార్మిక పదార్థాలు ఎంతో కొంత ఉండి తీరతాయి. ఇవి కర్మాగారాల నుంచి వచ్చి చేరినవి కావు. భూమి పుట్టినప్పటి నుంచి దానిలోనే ఉన్నవి. యురేనియం-238 అర్ధాయువు, అంటే దానిలోని పరమాణువులలో సగం క్షయించడానికి (కిరణాలు వెదజల్లి వేరే మూలకంగా మారడానికి) పట్టే కాలం, సుమారు 447 కోట్ల సంవత్సరాలు. భూమి వయసు కూడా ఇంచుమించు అంతే కనుక మొదట్లో ఉన్న యురేనియంలో సగం నేటికీ మిగిలి ఉంది. థోరియం-232 అర్ధాయువు సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు. అది నూటికి 80 పాళ్ళు అలాగే ఉంది. పొటాషియం-40 అర్ధాయువు 125 కోట్ల సంవత్సరాలే కావడంతో చాలావరకు తరిగిపోయి, ఇప్పటి పొటాషియంలో 0.0117 శాతం మాత్రమే మిగిలింది.

ఇల్లు కట్టబోతున్నవారు, బోరుబావి నీరు తాగేవారు, రాళ్ళు, ఖనిజాలు సేకరించేవారు, ప్రయోగశాల నుంచి మట్టి నివేదిక చేతికి వచ్చి దానిలోని అంకెలు అర్థం కానివారు తమంతట తాము ఏం చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. మొదటే చెప్పవలసిన మాట ఒకటి ఉంది. పరీక్షించవలసిన క్రమం ముందు ఇంట్లోని గాలి, తరువాత తాగే నీరు, ఆ తరువాతనే మట్టి, రాయి. ఈ విషయం గురించి కొత్తగా విన్నవారు సాధారణంగా ఈ క్రమాన్ని తలకిందులు చేస్తారు. చేతిలో మీటరు పట్టుకుని గ్రానైట్ పలకను పరీక్షిస్తారు, మూసి ఉన్న పడకగదిలోని గాలిని మరచిపోతారు. అసలు ప్రమాదంలో పెద్ద భాగం ఆ గాలిలో చేరే రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు వల్లనే.

యూనిట్లు కలగాపులగం కాకుండా

నివేదికలలో రెండు రకాల అంకెలు కనిపిస్తాయి. బెకరెల్ అనేది పదార్థంలో ఎంత క్షయం జరుగుతున్నదో చెప్పే కొలత. సెకనుకు ఒక పరమాణువు క్షయిస్తే అది ఒక బెకరెల్. మట్టికి కిలోగ్రాముకు ఇన్ని బెకరెల్‌లని, గాలికి ఘనమీటరుకు ఇన్నని, నీటికి లీటరుకు ఇన్నని రాస్తారు. సీవర్ట్ అనేది శరీరానికి ఎంత మోతాదు తగిలిందో చెప్పే కొలత. నిత్య వ్యవహారంలో దానిలో వెయ్యో వంతైన మిల్లీసీవర్ట్, పది లక్షలో వంతైన మైక్రోసీవర్ట్ వాడతారు. మొదటి అంకె ఎంత పెద్దదైనా రెండోది చిన్నదిగా ఉండవచ్చు. ఉదాహరణకు 70 కిలోల మనిషి శరీరంలో పొటాషియం-40 వల్లనే దాదాపు 4,400 బెకరెల్‌ల క్షయం నిరంతరం జరుగుతూ ఉంటుంది. దానివల్ల ఏడాదికి కలిగే మోతాదు మాత్రం సుమారు 0.17 మిల్లీసీవర్ట్ మాత్రమే. కనుక వేలలో కనిపించిన బెకరెల్‌ల అంకెను చూసిన వెంటనే భయపడకుండా, అది దేనికి సంబంధించినదో, ఏ దారిన శరీరాన్ని చేరుతుందో ముందు చూడాలి.

ప్రపంచంలో ఒక మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి సగటున సుమారు 2.4 మిల్లీసీవర్ట్‌ల మోతాదు చేరుతుందని వికిరణ ప్రభావాలను అధ్యయనం చేసే ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం లెక్కకట్టింది. అందులో విశ్వకిరణాల వాటా 0.39, నేల నుంచి, గోడల నుంచి వచ్చే గామా కిరణాల వాటా 0.48, ఆహారపానీయాల వాటా 0.29. మిగిలిన 1.26 మిల్లీసీవర్ట్‌లు, అంటే సగానికి పైగా, పీల్చే గాలి ద్వారానే వస్తాయి. పైన చెప్పిన పరీక్షల క్రమానికి ఆధారం ఇదే.

ఇక్కడ ఒక అపోహను సరిదిద్దాలి. సాధారణ ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ పరిమితి అని చాలాచోట్ల చదువుతాం. ఆ పరిమితి అణు విద్యుత్ కేంద్రాల వంటి మానవ కార్యకలాపాల వల్ల అదనంగా చేరే మోతాదుకు పెట్టినది. సహజ నేపథ్య వికిరణానికి దానిని వర్తింపజేసి ‘మీ ఊరి నేల పరిమితిని దాటింది’ అనడం సరికాదు.

ముందు గాలి

యురేనియం-238 నేరుగా సీసంగా మారదు. మధ్యలో ఒకదాని తరువాత ఒకటిగా అనేక మూలకాలు పుడతాయి. వాటిలో రేడియం-226 క్షయించినప్పుడు రాడాన్-222 అనే వాయువు ఏర్పడుతుంది. ఈ వంశంలో వాయురూపంలో ఉన్నది ఇదొక్కటే కావడంతో తక్కినవి రాతిలోనే చిక్కుకుని ఉండగా ఇది మాత్రం మట్టి కణాల సందుల నుంచి బయటపడి పైకి రాగలదు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అర్ధాయువు 3.82 రోజులు కనుక నేల లోతుల నుంచి ఇంట్లోకి చేరడానికి దానికి తగినంత వ్యవధి ఉంటుంది. థోరియం వంశంలో పుట్టే థోరాన్ అనే సోదర వాయువు అర్ధాయువు 56 సెకన్లు మాత్రమే కనుక అది చాలావరకు నేలలోనే క్షయించిపోతుంది. మట్టి గోడలకు చాలా దగ్గరగా మాత్రమే దానిని పట్టించుకోవాలి.

బయలుగాలిలో రాడాన్ ఘనమీటరుకు 10 బెకరెల్‌ల దరిదాపుల్లో ఉంటుంది. నేల రంధ్రాలలోని గాలిలో మాత్రం అది వేల నుంచి పదుల వేల బెకరెల్‌ల వరకు ఉండడం మామూలే. ఇంటి లోపలి గాలి వెచ్చబడి పైకి పోయినప్పుడు కింది భాగంలో పీడనం నేలలోని పీడనం కంటే కొద్దిగా తగ్గుతుంది. ఆ కొద్దిపాటి తేడా వల్ల ఇల్లు నేలలోని గాలిని గచ్చు బీటల గుండా, గోడకూ గచ్చుకూ మధ్యనున్న సందు గుండా, పైపులు దిగిన రంధ్రాల గుండా నిదానంగా లోపలికి పీలుస్తుంది. తలుపులు, కిటికీలు బిగించి ఉంచే ఇంట్లో, ముఖ్యంగా నేలమాళిగలో, అది పోగుపడుతుంది.

హాని చేసేది నిజానికి రాడాన్ కంటే దాని సంతతి. పీల్చిన రాడాన్‌లో ఎక్కువ భాగం తిరిగి బయటకు వచ్చేస్తుంది. అది క్షయించగా పుట్టే పొలోనియం-218, సీసం-214, బిస్మత్-214, పొలోనియం-214 మాత్రం ఘనపదార్థాలు; ధూళికణాలకు అంటుకుని శ్వాసనాళాల గోడలపై నిలిచిపోతాయి. వాటిలోని రెండు పొలోనియంలు ఆల్ఫా కణాలను వెదజల్లుతాయి. ఒక కాగితం, లేదా చర్మం పైపొర ఆల్ఫా కణాన్ని ఆపేస్తుంది కనుక అది శరీరం వెలుపల ఉన్నంతకాలం భయం లేదు. ఊపిరితిత్తుల లోపల అలాంటి రక్షణ పొర లేదు. మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని దూరంలోనే ఆ కణం తన శక్తి మొత్తాన్ని జీవకణాలలోకి దింపేస్తుంది.

ఈ సంగతి గనుల నుంచి బయటపడింది. జర్మనీలోని ష్నీబెర్గ్ గని కార్మికులు శతాబ్దాలుగా ఒక వింత ఛాతీ జబ్బుతో మరణిస్తూ ఉండేవారు. అది ఊపిరితిత్తుల క్యాన్సర్ అని 1879లో ఇద్దరు వైద్యులు గుర్తించారు. ఇళ్ళలో కూడా ఇది సమస్యేనని ప్రపంచం గమనించినది మాత్రం చాలా ఆలస్యంగా. 1984లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఇంకా విద్యుదుత్పత్తి మొదలుపెట్టని ఒక అణు విద్యుత్ కేంద్రంలో పనిచేస్తున్న ఇంజనీరు వల్ల అక్కడి వికిరణ హెచ్చరిక యంత్రాలు పదే పదే మోగాయి. ఆరా తీయగా ఆయన ఆ కాలుష్యాన్ని ఇంటి నుంచి ఒంటిమీద మోసుకొస్తున్నట్లు తేలింది; ఆయన ఇంట్లో రాడాన్ ఘనమీటరుకు దాదాపు లక్ష బెకరెల్‌లు ఉంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లో రాడాన్‌ను మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

ప్రమాదం ఎంత అన్నదానికి మంచి ఆధారం ఐరోపాలోని 13 అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2005లో ప్రచురించిన ఫలితం. దీర్ఘకాలం పీల్చిన గాలిలో రాడాన్ ఘనమీటరుకు 100 బెకరెల్‌లు పెరిగిన కొద్దీ ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం సుమారు 16 శాతం పెరుగుతుందని అందులో తేలింది. ఈ 16 శాతాన్ని విడిగా చూస్తే తప్పుదారి పడతాం. ఎన్నడూ పొగతాగనివారికి 75 ఏళ్ళ వయసులోపు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించే అవకాశం రాడాన్ లేని చోట 0.4 శాతం, 400 బెకరెల్‌ల చోట 0.7 శాతం. సిగరెట్లు తాగేవారికి అవే అంకెలు 10 శాతం, 16 శాతం. అంటే రాడాన్, పొగ ఒకదాని ప్రభావాన్ని మరొకటి గుణిస్తాయి. ఇంట్లో రాడాన్ ఎక్కువగా ఉన్న వ్యక్తి పొగతాగేవాడైతే, అతడు చేయగల అన్నింటికంటే పెద్ద మేలు పొగ మానడం; గచ్చు మరమ్మతు ఆ తరువాతి మాట. ఇది చెప్పకుండా రాడాన్ గురించి చేసే హెచ్చరిక ఏదైనా అసంపూర్ణమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్ళకు ఘనమీటరుకు 100 బెకరెల్‌ల స్థాయిని సూచించి, అది సాధ్యపడని దేశాలలో 300 దాటకూడదని చెప్పింది. ఇళ్ళలోని ప్రపంచ సగటు 40 దరిదాపుల్లో ఉంది. 100 బెకరెల్‌ల ఇంట్లో ఏడాదికి 7,000 గంటలు గడిపితే ఐక్యరాజ్యసమితి సంఘం గుణకాల ప్రకారం సుమారు 2.5 మిల్లీసీవర్ట్‌ల మోతాదు చేరుతుంది.

గాలిని కొలిచే తీరు

సాధారణ గైగర్ మీటరుతో (చేతిలో పట్టుకుని వికిరణాన్ని కొలిచే పరికరంతో) ఇంట్లోని రాడాన్ తెలియదు. దానికి ప్రత్యేక శోధకాలు ఉన్నాయి. వాటిలో చవకైనవి, నమ్మదగినవి ఆల్ఫా కణాల జాడలను నమోదు చేసే ప్లాస్టిక్ ముక్కలు, ప్రయోగశాలల్లో సి.ఆర్.-39, ఎల్.ఆర్.-115 అనే పేర్లు వినిపిస్తాయి. వీటిని గదిలో కనీసం మూడు నెలలు, వీలైతే ఏడాది పాటు ఉంచి ప్రయోగశాలకు పంపితే రసాయనంలో నానబెట్టి జాడలను లెక్కిస్తారు. బొగ్గు డబ్బాలు రెండు నుంచి ఏడు రోజులలో ఫలితం ఇస్తాయి. ఇంట్లోనే తెరపై అంకె చూపే ఎలక్ట్రానిక్ పరికరాలూ ఉన్నాయి. రాడాన్ పగలు ఒకలా, రాత్రి ఒకలా, రుతువును బట్టి మరొకలా ఉంటుంది కనుక రెండు రోజుల అంకెను బట్టి ఇల్లు అమ్మడం, కొనడం వంటి నిర్ణయాలు తీసుకోవద్దని నా సలహా. తక్కువ వ్యవధి పరీక్షను తొలి వడపోతగా మాత్రమే వాడాలి.

శోధకాన్ని మనుషులు రోజూ గడిపే గదులలో అన్నింటికంటే కింది అంతస్తులో, పడకగదిలో లేదా కూర్చునే గదిలో, నేలకు కనీసం అర మీటరు ఎత్తున, ఊపిరి పీల్చే ఎత్తుకు దగ్గరగా ఉంచాలి. వంటగది, స్నానాల గది, కిటికీ పక్క, ఫ్యాను గాలి నేరుగా తగిలే చోటు పనికిరావు. తక్కువ వ్యవధి పరీక్షకు ముందు 12 గంటల నుంచి, పరీక్ష ముగిసే వరకు కిటికీలు మూసి ఉంచాలి. దీర్ఘ పరీక్షలో మాత్రం రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండాలి. పక్కింటి ఫలితాన్ని మీ ఇంటికి అన్వయించుకోవద్దు. పునాది తీరు, గచ్చు బీటలు, కింది నేల వేరైతే ఇరుగుపొరుగు ఇళ్ళ మధ్య కూడా పెద్ద తేడా రావచ్చు.

అంకె ఎక్కువగా వస్తే

100 దాటినా భయపడి ఇల్లు ఖాళీ చేయవలసిన పని లేదు. ఈ ప్రమాదం ఏళ్ళ తరబడి పోగుపడేది కనుక సరిచేయడానికి వ్యవధి ఉంటుంది. మొదట దీర్ఘ పరీక్షతో అంకెను ధ్రువపరచుకోవాలి. కిటికీలు తెరవడం వెంటనే పనిచేస్తుంది గానీ మూసిన కొన్ని గంటలకే మళ్ళీ మొదటికి వస్తుంది. బీటలు పూడ్చడం అవసరమే, కానీ అది ఒక్కటే చాలదు. గచ్చులో కంటికి కనిపించని సందులు ఎన్నో ఉంటాయి, కాలక్రమంలో కొత్తవి ఏర్పడతాయి కూడా. పూడ్చినందువల్లనే సమస్య తీరుతుందని చెప్పేవారి మాట నమ్మవద్దు.

అన్నింటికంటే గట్టిగా పనిచేసే పద్ధతి గచ్చు కింది గాలిని యంత్రంతో లాగివేయడం. గచ్చుకు రంధ్రం చేసి, కింద బకెట్ పరిమాణంలో చిన్న గుంత తీసి, అందులోకి పైపు దింపి, ఆ పైపును ఇంటి కప్పు దాటేలా పైకి తీసుకెళ్ళి, మధ్యలో నిరంతరం తిరిగే చిన్న ఫ్యాను అమరుస్తారు. దీనివల్ల గచ్చు కింద పీడనం ఇంటి లోపలి పీడనం కంటే తగ్గుతుంది. గాలి ఇంట్లోకి రావడానికి బదులు కిందకు పోతుంది, రాడాన్ పైపు గుండా ఆకాశంలో కలిసిపోతుంది. సరిగా అమర్చితే రాడాన్ సగానికి పైగా, చాలా ఇళ్ళలో నూటికి తొంభై పాళ్ళకు పైగా తగ్గుతుంది. ఫ్యాను మనుషులుండే గదుల బయట ఉండాలి. లేకపోతే పైపు కీలు కారినప్పుడు గాఢమైన రాడాన్ నేరుగా గదిలోకే వస్తుంది. పైపు కొన కిటికీలకు దూరంగా ఉండాలి.

కొత్త ఇంటికి ఇదంతా పునాది దశలోనే చేసుకోవడం ఎంతో తేలిక. గచ్చు కింద 10 సెంటీమీటర్ల మందాన కంకర పరచి, దానిపై మందమైన పాలిథీన్ పట్టాను అతుకులు బాగా ఒకదానిపై ఒకటి వచ్చేలా వేసి, కంకరలో నుంచి ఒక పైపును కప్పు వరకు నిలబెట్టి వదిలితే చాలు. ఇల్లు పూర్తయ్యాక కొలిచి, అంకె ఎక్కువ వస్తే అప్పుడు ఫ్యాను బిగించుకోవచ్చు.

ఇలాంటి ముందు జాగ్రత్త ఎక్కడ తప్పనిసరి అన్నది నేల చెబుతుంది. భూగర్భ పటంలో మీ స్థలం కింద గ్రానైట్, నల్ల షేల్, ఫాస్ఫేట్ శిల వంటివి ఉంటే అప్రమత్తం కావాలి. బసాల్ట్, ఇసుకరాయి ప్రాంతాలలో యురేనియం సాధారణంగా తక్కువ. అయితే రాయి పేరు ఒక్కటే చూడకూడదు. రాడాన్ బయటపడాలంటే నేల గాలిని వదిలేదిగా ఉండాలి. మధ్యస్థంగా యురేనియం ఉన్నా గులకరాళ్ళతో నిండిన వదులు నేల, బీటలు వారిన శిల ఎక్కువ రాడాన్‌ను పంపుతాయి. తడిసి బిగుసుకున్న బంకమట్టి దానిని చాలావరకు ఆపేస్తుంది.

తరువాత నీరు

నదులు, చెరువుల నీటిలో ఈ సమస్య సాధారణంగా తక్కువ. గ్రానైట్ పగుళ్ళలో చాలాకాలం నిలిచిన భూగర్భ జలాన్ని మాత్రం పరీక్షించాలి. ఇందులో మూడు వేర్వేరు విషయాలు ఉన్నాయి. మొదటిది యురేనియం. దీని హాని ప్రధానంగా వికిరణం వల్ల కాదు, లోహంగా అది మూత్రపిండాలపై చూపే విషప్రభావం వల్ల. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన స్థాయి లీటరుకు 30 మైక్రోగ్రాములు. నీటిలో బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్నచోట యురేనియం సులువుగా కరుగుతుంది. రెండోది రేడియం. ఇది శరీరంలో కాల్షియంలా ప్రవర్తించి ఎముకలలో చేరుతుంది. రేడియం-226కు లీటరుకు 1 బెకరెల్, రేడియం-228కు 0.1 బెకరెల్ మార్గదర్శక స్థాయిలు. మూడోది కరిగి ఉన్న రాడాన్. దీనిని తాగడం కంటే కుళాయి నుంచి అది గాలిలోకి చేరడమే ముఖ్యం. లీటరుకు 1,000 బెకరెల్‌లున్న నీటిని ఇంట్లో వాడితే గాలిలో ఘనమీటరుకు సుమారు 100 బెకరెల్‌లు చేరుతాయని లెక్క.

పరీక్షకు పంపేటప్పుడు మొదట మొత్తం ఆల్ఫా, మొత్తం బీటా (ఆ రెండు రకాల కణాలను వెదజల్లే పదార్థాలన్నింటి క్షయం కలిపి) కొలిపిస్తే సరిపోతుంది. ఆల్ఫా లీటరుకు 0.5 బెకరెల్, బీటా 1 బెకరెల్ దాటకపోతే రేడియోధార్మికత విషయంలో సాధారణంగా మరో పరీక్ష అవసరం లేదు. యురేనియం విషప్రభావాన్ని ఈ పరీక్ష చెప్పదు కనుక దానిని మాత్రం మైక్రోగ్రాములలో విడిగా కొలిపించాలి. రాడాన్ కోసం అయితే కుళాయిని కొద్దిసేపు వదిలి, గాజు సీసాను బుడగలు లేకుండా నిండా నింపి, వెంటనే మూతపెట్టి, తేదీ, సమయం రాసి వీలైనంత త్వరగా పంపాలి. నాలుగు రోజులు ఆలస్యమైతే సగం మాయమైపోతుంది.

నీటిని మరిగిస్తే యురేనియం పోతుందనుకోవడం పొరపాటు. మరిగించినప్పుడు రాడాన్ పోతుంది, కానీ నీరు ఆవిరైన కొద్దీ యురేనియం చిక్కబడుతుంది. యురేనియం, రేడియం రెండింటినీ రివర్స్ ఆస్మాసిస్ యంత్రం బాగా తొలగిస్తుంది. అది వదిలే వృథా నీటిలో అవి పోగుపడి ఉంటాయి కనుక ఆ నీటిని తాగడానికి, వంటకు వాడకూడదు. రాడాన్‌ను తొలగించడానికి నీటిలోకి గాలి ఊదే పద్ధతి మేలు.

చివరగా మట్టి, రాయి

మట్టి నమూనా తీయడానికి ఎరువులు వేయని, బూడిద పోయని, గోడలకు దూరంగా ఉన్న చోటు ఎంచుకోవాలి. పైనున్న గడ్డి, వేళ్ళు తీసివేసి, స్థలంలో ఐదారు చోట్ల ఒకే లోతు నుంచి మట్టి తవ్వి, కలిపి, ఒక కిలో పైచిలుకు తీసుకోవాలి. ప్రయోగశాలలో దానిని 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆరబెట్టి, జల్లించి, గాలి చొరని డబ్బాలో నాలుగు వారాల పాటు బిగించి ఉంచుతారు. ఈ నిరీక్షణకు కారణం ఉంది. రేడియం-226ను దాని సంతతి వెలువరించే గామా కిరణాల ద్వారా కొలుస్తారు. మధ్యలోని రాడాన్ తప్పించుకుపోతే లెక్క తగ్గిపోతుంది. ఏడు అర్ధాయువులు, అంటే దాదాపు 27 రోజులు గడిస్తే రాడాన్, రేడియం సమతౌల్యానికి వస్తాయి, అంటే రాడాన్ ఎంత పుడుతుందో అంతే క్షయిస్తూ ఉంటుంది. నాలుగు రోజులలో ఫలితం ఇస్తామన్న ప్రయోగశాలను ఈ విషయం అడిగి చూడండి. ఆ తరువాత జెర్మేనియం శోధకంతో గంటల తరబడి గామా కిరణాలను లెక్కిస్తారు.

నివేదికలో మూడు అంకెలు వస్తాయి. ప్రపంచ మట్టి సగటులు కిలోకు యురేనియం-238 33, థోరియం-232 45, పొటాషియం-40 420 బెకరెల్‌లు. రేడియం-226 సగటు 32. ఈ సగటులు దాటడం అపాయానికి గుర్తు కాదు. సగటు అన్నాక ప్రపంచంలో చాలా నేలలు దాని పైనే ఉంటాయి. ఇప్పుడు ఒక నమూనాలో రేడియం 60, థోరియం 90, పొటాషియం 900 వచ్చాయనుకుందాం. రేడియం అంకెకు థోరియాన్ని 1.43తో, పొటాషియాన్ని 0.077తో గుణించి కలిపితే రేడియం తుల్యాంకం వస్తుంది. ఇక్కడ 60, 129, 69 కలిపి 258. కట్టడ సామగ్రికి 370 లోపు ఉండాలన్నది వాడుకలో ఉన్న పరిమితి. మోతాదు తెలియాలంటే అవే మూడు అంకెలను వరుసగా 0.462, 0.604, 0.0417తో గుణించి కలపాలి. నేల నుంచి ఒక మీటరు ఎత్తున గంటకు దాదాపు 120 నానోగ్రేలు వస్తుంది (గ్రే అంటే పదార్థం గ్రహించిన వికిరణ శక్తికి కొలత; నానోగ్రే దానిలో వంద కోట్లో వంతు). ఏడాదిలోని 8,760 గంటలలో ఐదో వంతు ఆరుబయట గడుపుతామని, ఒక గ్రేకు 0.7 సీవర్ట్ అని తీసుకుంటే అది ఏడాదికి 0.15 మిల్లీసీవర్ట్. ప్రపంచ సగటు 0.07 కనుక ఇది రెట్టింపు; అయినా ప్రకృతి నుంచి ఎలాగూ చేరే 2.4 మిల్లీసీవర్ట్‌లతో పోలిస్తే చిన్న అంకె.

నివేదిక చివర ‘370 లోపు ఉంది కనుక సురక్షితం’ అని రాసి ఉండడం నేను తరచుగా చూస్తాను. ఆ తుల్యాంకం శరీరం వెలుపల నుంచి తగిలే గామా కిరణాల గురించి మాత్రమే చెబుతుంది. ఆ మట్టి ఎంత రాడాన్‌ను వదులుతుందో, అది ఇంట్లో ఎంత పోగుపడుతుందో చెప్పదు. 258 వచ్చిన నేలపై కట్టిన ఇంట్లో రాడాన్ 30 ఉండవచ్చు, 500 ఉండవచ్చు. ఈ ఒక్క కారణం చేతనే మట్టి నివేదికను చూసి గాలి పరీక్షను మానేయడం తగదు.

కట్టడపు రాయికి ఐరోపాలో మరో సూచిక వాడతారు: రేడియంను 300తో, థోరియంను 200తో, పొటాషియంను 3,000తో భాగించి కలిపితే వచ్చే అంకె 1 దాటకుండా ఉండాలి. రేడియం 75, థోరియం 100, పొటాషియం 1,200 ఉన్న ఒక గ్రానైట్‌కు 1.15 వస్తుంది. ఇల్లంతా దానితో గోడలు కడితే ఆలోచించవలసిందే. వంటగట్టుపై రెండు సెంటీమీటర్ల పలకగా వేస్తే దాని పరిమాణం ఎంతో తక్కువ కనుక చింతించనక్కర లేదు. గ్రానైట్ పలకను కోసేవారికి, నూరేవారికి వికిరణం కంటే సిలికా ధూళి పెద్ద ముప్పు. నీరు పోస్తూ కోయడం, తగిన ముసుగు ధరించడం వారికి అత్యవసరం.

చేతి మీటరు వాడేవారు దానిని నేలకు ఒక మీటరు ఎత్తున పట్టుకుని, ఒకేచోట కొన్ని నిమిషాల సగటు తీసుకోవాలి. గంటకు 0.05 నుంచి 0.2 మైక్రోసీవర్ట్ వరకు మామూలే. అందులో సముద్రమట్టం వద్ద 0.03 దాకా విశ్వకిరణాలదే. వర్షం కురిసినప్పుడు గాలిలోని రాడాన్ సంతతి నేలపై పడి అంకె పెరుగుతుంది, ఆగిన కొన్ని గంటలకు దిగుతుంది. అందుకే వానలో తీసిన కొలతతో నిర్ధారణకు రావద్దు. రాతి గోడల గదిలో అన్ని వైపుల నుంచీ కిరణాలు వస్తాయి కనుక లోపలి అంకె బయటికంటే ఎక్కువ ఉండడం సహజం.

మరి నేల నుంచే అసాధారణమైన మోతాదు వచ్చే చోట్ల ఏం జరుగుతోంది? ఇరాన్‌లోని రామ్‌సర్‌లో వేడినీటి బుగ్గలు రేడియాన్ని పైకి తెచ్చాయి. బ్రెజిల్‌లోని గ్వారపరిలో, కేరళ తీరంలో థోరియం ఉన్న మోనజైట్ ఇసుక ఉంది. కేరళలోని కరునాగపల్లి తీరంలో కొన్నిచోట్ల ఆరుబయట ఏడాదికి 70 మిల్లీగ్రేల దాకా నమోదైంది. అక్కడి 69,958 మందిని సగటున పదిన్నర ఏళ్ళు పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో నేల గామా కిరణాల వల్ల క్యాన్సర్ పెరిగినట్లు కనిపించలేదు. ఇది ఊరటనిచ్చే ఫలితమే. అయితే అది గామా కిరణాలకు సంబంధించినది. మూసిన ఇంట్లో పోగుపడే రాడాన్‌కు దానిని సాక్ష్యంగా తీసుకోకూడదు. చిన్న మోతాదుల హాని చిన్నదే కనుక అది ఇంతమందిలోనూ గణాంకాలకు అందకపోవచ్చు.

ఖనిజాలు సేకరించేవారు యురేనియం ఉన్న యురేనినైట్, ఆటునైట్, టోర్బర్నైట్, థోరియం ఉన్న మోనజైట్ వంటి వాటిపై స్పష్టంగా పేరు రాసి ఉంచాలి. వాటిని పడకగదిలో పెట్టవద్దు. దూరం రెట్టింపైతే చిన్న రాయి నుంచి తగిలే మోతాదు నాలుగో వంతుకు తగ్గుతుంది. గొట్టంతో బయటి గాలికి కలిపిన పెట్టె అన్నింటికంటే మంచిది. బిగించిన పెట్టె అయితే అందులో రాడాన్ పోగుపడి ఉంటుంది కనుక ఆరుబయటే తెరవాలి. పొడి చేయడం, పగలగొట్టడం, నాలుకతో తడిపి చూడడం చేయరాదు. తాకిన తరువాత చేతులు కడుక్కోవాలి. పిల్లలకు అందకుండా ఉంచాలి. అలమరలోని ఒక్క పెద్ద యురేనినైట్ ముక్క చాలు, గదిలో రాడాన్ గమనించదగినంత పెరగడానికి. కనుక సేకరణ ఉన్న గదిలో కూడా ఒక శోధకాన్ని మూడు నెలలు పెట్టి చూడాలి. ఫ్యాను అమర్చుకున్న ఇంట్లోనైతే అమర్చిన వెంటనే ఒకసారి, ఆ తరువాత రెండేళ్ళకొకసారి, గచ్చు తవ్వినా, గది పెంచినా, కిటికీల తీరు మార్చినా మళ్ళీ ఒకసారి కొలిచి, తేదీతో సహా రాసి పెట్టుకోవాలి.